పక్క సీటు కింద

మార్చి 2, ఆదివారం

కారు ఎక్కాలంటే ముక్కు మూసుకోవాల్సి వస్తోంది. పోయిన నెల వానకి డోరు రబ్బరు సందులోంచి నీళ్ళు కారి కార్పెట్ కిందికి పోయాయి. అక్కడే మగ్గి ముక్కిపోయాయి. ఆయన ఏసీ దగ్గర సెంటు డబ్బా ఒకటి తగిలించారు. దాంతో వాసన పోలేదు, రెండు వాసనలయ్యాయి. ఇక రంగు సంగతి సరేసరి. కొన్నప్పుడు నల్లటి కార్పెట్, ఇప్పుడు పాత చీపురు రంగు.

నేనే విప్పి, ఉతికి, రంగేస్తానన్నాను. ఇంట్లో మిషను పెట్టుకుని ఊళ్ళోవాళ్ళ ప్యాంట్లు పొట్టి చేస్తూ, కోట్లు వదులు చేస్తూ, వెలిసిపోయిన కర్టెన్లకి నల్లరంగేసి కొత్తవాటిలా చేసి ఇస్తున్నదాన్ని. కార్పెట్ కూడా బట్టేగా. అమ్మాయి ఉత్సాహపడి ఫోనులో రెండు వీడియోలు చూపించింది. పరీక్షలు దగ్గరపడ్డాయంటే దానికి లోకంలో ఉన్న పనులన్నీ ముద్దొస్తాయి.

ఆయన పేపరు దించలేదు. ఎందుకొచ్చిన గొడవ, వాసన అదే పోతుంది అన్నారు. నేను వినే రకం కాదని ఆయనకి తెలుసు. మధ్యాహ్నం భోజనం దగ్గర మళ్ళీ ఎత్తారు. వేస్తే వెయ్యి గానీ, నా పక్క సీటు కింద మాత్రం కదపకు, అక్కడ అలాగే ఉండనీ అన్నారు.

ఎందుకు అన్నాను. ఎందుకంటే ఏం చెప్పను, అక్కడ బాగానే ఉందిగా అన్నారు. చెవులు ఎర్రబడ్డాయి. ఈ మనిషికి అబద్ధం చెప్పడం రాదు. కాపురంలో నాకున్న సౌకర్యం అదొక్కటే.

మార్చి 3, సోమవారం

ఆయన నోరు మూసుకుని ఉంటే అక్కడేముందో చూడాలన్న ఆలోచనే నాకు వచ్చేది కాదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు.

మార్చి 8, శనివారం, మధ్యాహ్నం

ఆయన ఆఫీసుకి బస్సులో వెళ్ళారు. వీధి చివర షెడ్డు మెకానిక్‌ని పిలిచి సీట్లు విప్పించాను. ఒక్కో సీటుకి నాలుగు బోల్టులు, నాలుగూ తుప్పు. డోర్ల దగ్గర ప్లాస్టిక్ పట్టీలు నేను పీకాను, రెండు క్లిప్పులు విరిగాయి, మూడోది మెకానిక్ మొహాన తగిలింది. బెల్టుల బోల్టులు, గేరు చుట్టూ ఉండే డబ్బా, అన్నీ వచ్చాక కార్పెట్ మొత్తం ఒకే ముక్కగా లేచింది. మడత పెట్టకూడదు. కారు నేల ఎలా ఎగుడుదిగుడుగా ఉందో ఆ ఆకారంలోనే అచ్చుపోసి ఉంటుంది. మెకానిక్ ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకుని, ఆసుపత్రికి మనిషిని మోసుకెళ్తున్నట్టు మేడ మీదికి ఎక్కించాం.

కింద ఏవేవో దొరికాయి. అమ్మాయి చిన్నప్పుడు పోగొట్టుకుని రెండు రోజులు ఏడ్చిన ప్లాస్టిక్ ఏనుగు. నా సూదుల డబ్బా మూత. ఒక హెయిర్ క్లిప్పు. గుండె ఝల్లుమంది. అమ్మాయి చూసి అది నాదేనమ్మా అని తలలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

క్లిప్పు సంగతి వదిలేశాను. పక్క సీటు కింది భాగం వెలుగులోకి తిప్పాను.

అదే రోజు, సాయంత్రం

కంగారు పడకుండా రాసుకోవాలి.

బట్ట అరుగుదల చదవడం నా వృత్తి. ప్యాంటు చూస్తే మనిషి తాళాలు ఏ జేబులో వేసుకుంటాడో చెప్తాను. కోటు మోచెయ్యి చూస్తే ఏ చేత్తో బల్ల మీద ఆనుకుంటాడో చెప్తాను. ఒకాయన ప్యాంటు మోకాళ్ళు చూసి, ఇంట్లో పసిపిల్లలున్నారా, నేలమీద ఏనుగాట ఆడిస్తున్నారా అనడిగితే నోరు తెరిచాడు. మనుషులు ఎన్నైనా చెప్తారు, బట్ట ఒక్కటే చెప్తుంది.

డ్రైవరు వైపు ఒక చిల్లు ఉంది. అది ఆయన మడమ ఆనే చోటు. బూటు మట్టి ఇంకి తారులాగా గట్టిపడింది. సహజం.

పక్క సీటు వైపూ ఒక చిల్లు ఉంది. అది సహజం కాదు. కాస్త కుడిపక్కకి, అరచేతిలో సగం మేర, నూగంతా పోయి కింది అల్లిక బయటపడింది. నడిమధ్యలో నా చిటికెనవేలు దూరింది. మట్టి లేదు, ఇసుక లేదు. నున్నగా, ఏళ్ళ తరబడి చేత్తో పట్టుకున్న కత్తెర పిడిలా మెరుస్తోంది. అంటే చెప్పు తొడుక్కున్న కాలు కాదు. ఉత్త కాలు. చిన్న మడమ. ఆడమనిషి.

చెప్పులు విప్పి కూర్చుందన్నమాట. పరాయివాళ్ళ కారులో ఎవరైనా చెప్పులు విప్పుతారా? ఆ చనువు ఎక్కడిది?

నేను కాదు. నేనూ చెప్పులు విప్పుతాను నిజమే, కానీ నేను పెళ్ళాన్ని. పైగా ఎక్కగానే రెండు కాళ్ళూ సీటు మీదికి మడుచుకుని బాసింపట్టు వేసుకుంటాను. కింద ఓ పక్కన నా బట్టల మూట ఉంటుంది. కారు కొన్న కొత్తలో ఆయన, బండిలో కూర్చున్నావా, కచేరీలో కూర్చున్నావా అని ఏడిపించేవారు. ఆయన డ్రైవింగ్ మీద నాకున్న నమ్మకం అది. నేను భయపడే మనిషిని కాదు. ఎదురుగా లారీ వస్తున్నా బాసింపట్టు కదలదు.

చాపకింద నీరు అంటారు. మా ఇంట్లో కార్పెట్ కింద పారింది.

మార్చి 9, ఆదివారం

కార్పెట్ ఉతికాను. సబ్బునీళ్ళు, గట్టి బ్రష్షు, అయిదు బకెట్లు. మొదటి నీళ్ళు కాఫీలా వచ్చాయి.

మెకానిక్ మిగిలిన క్లిప్పులు ఇవ్వడానికి వచ్చాడు. ఏమీ ఎరగనట్టు ఆ చిల్లు చూపించి ఇది ఎందుకిలా అరిగిందయ్యా అనడిగాను. వంగి చూసి, ఇది బ్రేకు తొక్కే కాలమ్మా అన్నాడు. డ్రైవింగ్ స్కూలు కార్లలో నేర్పేవాడి వైపు ఇలాగే అవుతుందట. బండి నడపడం వచ్చినవాళ్ళు పక్కన కూర్చుంటే ఊరుకోలేరు, అక్కడ బ్రేకు లేకపోయినా ఖాళీ నేలనే తొక్కుతుంటారు అన్నాడు.

నాకు సైకిల్ కూడా రాదు. అమ్మాయి పరీక్షలయ్యాక నేర్చుకుంటానని రెండేళ్ళుగా అంటోంది. మా వదినగారికి, అంటే ఆయన అక్కగారికి, రిక్షా ఎక్కడమే భయం.

ఆయన ఆఫీసులో క్యాషియరుకి బండి నడపడం వచ్చు. మొగుడు పోయాక వాళ్ళ కారు అమ్మేసింది. బస్సు తప్పినప్పుడల్లా మా కారులో వస్తుంది. ఆ మాట ఆయన ఎప్పుడూ దాచలేదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుంది. కొన్ని పిల్లులు కళ్ళు తెరుచుకునే తాగుతాయి కాబోలు.

మార్చి 10, సోమవారం

మీ పక్కన ఎవరెవరు కూర్చుంటారు అనడిగాను. నువ్వు అన్నారు. ఇంకా అన్నాను. అప్పుడప్పుడు క్యాషియరు గారు, ఎప్పుడైనా గుమాస్తా, ఎందుకు అన్నారు. ఊరికే అన్నాను.

మొదట నా పేరు ఎత్తడంలోనే ఉంది తెలివంతా.

మార్చి 12, బుధవారం

కార్పెట్ పూర్తిగా ఆరింది. ఒక పోగు లాగి అగ్గిపుల్లకి చూపించాను. మండలేదు, కరిగి చిన్న పూసలా ముడుచుకుంది. నైలాను. నైలానుకి రంగు పట్టాలంటే వెనిగర్ పడాలి, ఆవిరి తగలాలి. వేడినీళ్ళలో నల్లరంగు పొడి కలిపి, వెనిగర్ పోసి, బ్రష్షుతో నూగుకి అటూ ఇటూ రుద్దుకుంటూ పట్టించాలి. పైన తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టెతో ఆవిరి పట్టించాలి. అప్పుడే రంగు దారంలోకి దిగుతుంది. లేదంటే పైపైన కూర్చుని, ఎప్పుడు ఎవరికి అంటుకుందామా అని చూస్తుంటుంది.

సగం వేశాను. చిల్లున్న భాగం ముట్టుకోలేదు. వెనక సీటు అడుగున ఎవరికీ కనపడని చోట మంచి ముక్క ఉంది. అది కోసి ఇక్కడ అతుకు వేద్దామని.

ఆఫీసు నుంచి రాగానే ఆయన మేడెక్కారు. బాగా వచ్చిందే అన్నారు. ఆ మాట ముందు భాగం చూసి కాదు, వెనక భాగం చూసి కాదు, తిన్నగా ఆ చిల్లు దగ్గరికి వెళ్ళి అన్నారు. గొంతుక్కూర్చుని వేలితో ఆ నున్నటి చోటు తడిమారు. దీన్ని మార్చేస్తున్నావా అన్నారు. మార్చకపోతే చిల్లుతో ఉంచుతారా అన్నాను. ముచ్చటపడి పెంచుకున్న మొక్కని ఎవరో పీకేస్తుంటే చూస్తున్నట్టు కూర్చున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది. ఎందుకు దాచుకోవాలి, ఇక్కడ చదివేది ఎవరు గనక. ట్యాంకు వెనక్కి వెళ్ళి ఏడ్చాను.

మార్చి 13, గురువారం

ఇవాళ కుట్టుపనికి వచ్చిన ఆడవాళ్ళందరి చెప్పులూ గుమ్మం దగ్గర తిప్పి చూశాను. కుడి మడమ ఎక్కువ అరిగినవి మూడు జతలు. అందులో ఒకటి ఆవిడెవరో ఎనభై ఏళ్ళ ముసలమ్మది. ఆవిణ్ణి లిస్టులోంచి తీసేశాను.

అమ్మాయి చూసి, చెప్పులు కూడా కుడుతున్నావా అమ్మా అంది.

మార్చి 15, శనివారం

క్యాషియరుకి నేనే ఫోను చేశాను. ఎప్పుడో పొడుగు ఎక్కువైందన్న డ్రెస్సు ఉందిగా, తెండి సరిచేసి పెడతాను అన్నాను. సంబరపడుతూ వచ్చింది. నన్ను అక్కా అంటుంది. ఇదివరకు బాగానే ఉండేది ఆ పిలుపు.

అంచు కొలత ఉత్త కాళ్ళ మీదే తీయాలి. చెప్పులు విప్పి నిలబడమన్నాను. నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఇంత కిందికి దిగజారాను అని ఒక పక్క అనిపించింది. అయినా టేపు పెట్టాను. మడమ వెడల్పు చిల్లుకి అచ్చంగా సరిపోయింది. అచ్చు నా చెప్పుల సైజే.

ఆవిడ కబుర్లు చెప్తూనే ఉంది. సారు చాలా నెమ్మదిగా నడుపుతారక్కా, ఆ కారులో కూర్చుంటే నిద్ర వస్తుంది అంది. సూది ఒకటి గుచ్చుకుంది. నాకే.

మార్చి 16, ఆదివారం

చేసేశాను.

అతుకు ముక్క కోసి చిల్లు మీద కుట్టాను. అడుగున గట్టి గుడ్డ, చుట్టూ కనపడని కుట్టు. నా చేతిపని నేనే మెచ్చుకోవాలి, కుట్టు ఎక్కడుందో నాకే వెతుక్కోవాల్సి వచ్చింది. మిగతా కార్పెట్ అంతా గురువారమే పద్ధతిగా రంగేసి, ఆవిరి పట్టించి, నీళ్ళు తెల్లగా వచ్చేదాకా జాడించి ఆరబెట్టాను. ఆ ఒక్క అతుకుకి మాత్రం వెనిగర్ వెయ్యలేదు. ఆవిరి పట్టలేదు. జాడించలేదు. చిక్కటి రంగు మూడు పూతలు వేసి అలాగే ఆరనిచ్చాను.

పొడి చేత్తో ముట్టుకుంటే ఏమీ అంటదు. చెమట పట్టిన కాలు ఆనిందా, దొరికినట్టే. ఎండలు ముదురుతున్నాయి. చర్మానికి పట్టిందంటే వారం పదిరోజులు రాయితో తోమినా పోదు.

సాయంత్రం మెకానిక్ సీట్లు బిగించాడు. కారు కొత్త కారులా ఉందని ఆయన అన్నారు. పక్క సీటు వైపు చూడలేదు.

ఉచ్చు పెట్టినవాళ్ళం అందులో తిరక్కూడదు. నేను కొన్నాళ్ళు కారెక్కను.

మార్చి 19, బుధవారం

వదినగారింటికి బస్సులో వెళ్ళాను. చెప్పకూడదనే వెళ్ళాను. కాఫీ చల్లారేలోపు మొత్తం చెప్పేశాను. చిల్లు, మడమ, ఉత్త కాలు, బ్రేకు, క్యాషియరు, అతుకు, రంగు. ఆవిడ రెండు చేతులూ బుగ్గలకి ఆనించుకుని విన్నది. మా తమ్ముడా అంది. మళ్ళీ తనే, నిప్పు లేనిదే పొగ రాదులే అంది. ఎవరి మడమ నల్లగా ఉంటే వాళ్ళేనన్నమాట, భలే బుర్రే నీది అంది. ఎవరితోనూ అనను, ఒట్టు అంది.

ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. దిగే స్టాపు రాకముందే భయం మొదలైంది.

మార్చి 22, శనివారం

క్యాషియరు డ్రెస్సు వేసి చూసుకోవడానికి వచ్చింది. ఈ వారం రెండుసార్లు మా కారెక్కిందని ఆవిడే చెప్పింది. మళ్ళీ చెప్పులు విప్పించి కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

రెండు మడమలూ శుభ్రంగా ఉన్నాయి. గులాబీ రంగులో ఉన్నాయి.

నిరాశ వేసింది. సంతోషించాల్సింది పోయి నిరాశపడ్డాను. తర్వాత, పసిగట్టి చెప్పులు విప్పడం మానేసి ఉంటుందనుకున్నాను. చేతి దగ్గర కాస్త వదులు చేయాలని చెప్పి డ్రెస్సు నా దగ్గరే ఉంచుకున్నాను. అబద్ధం. అది అద్దినట్టు సరిపోయింది.

మార్చి 24, సోమవారం

జరగాల్సింది జరిగింది. వదినగారు ఆయనకి ఆఫీసుకి ఫోను చేశారు. ఆవిడ మామూలుగా మాట్లాడితేనే నాలుగిళ్ళకి వినపడుతుంది. తమ్ముడికి బుద్ధి చెప్పే ఆవేశంలో ఎంత గొంతు పెట్టి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఫోను చెవికి ఆనించుకున్నా, రెండు బల్లల అవతల కూర్చున్న క్యాషియరుకి ప్రతి మాటా వినపడిందట. ఆవిడ పేరుతో సహా.

ఇదంతా ఆయన వచ్చి చెప్పారు. కేకలు వెయ్యలేదు. చెప్పడం అయ్యాక, నన్ను అడిగి ఉండొచ్చుగా అన్నారు. అడిగితే చెప్తారా అన్నాను. అప్పుడు చూశారు నా వైపు. ఆ చూపు నాకు ఇష్టం లేదు. కోపంగా ఉంటే పోట్లాడేదాన్ని.

తప్పు చేసినవాడు తప్పు చెయ్యలేదని ఒక్క మాట అనాలిగా. అనలేదు. దిండు తీసుకుని ముందు గదిలోకి వెళ్ళారు.

మార్చి 26, బుధవారం

క్యాషియరు డ్రెస్సు కోసం రాలేదు. మూడు బస్సులు మారి ఆఫీసుకి వెళ్తోందని గుమాస్తా భార్య చెప్పింది. నేను మళ్ళీ మళ్ళీ ఆ డ్రెస్సు ఇస్త్రీ చేస్తున్నాను.

మార్చి 28, శుక్రవారం

ఇంట్లో ముగ్గురం. అమ్మాయి మా ఇద్దరి మధ్యా పోస్టుమాన్‌లా తిరుగుతోంది. నాన్న నీళ్ళ మోటారు వెయ్యమంటున్నారు. అమ్మ వేశానంటోంది. ఇవాళ విసుగెత్తి, మీరు విడిపోయేట్టయితే పరీక్షలయ్యాక విడిపోండి, నాకు ఇంకా రెండు పేపర్లున్నాయి అంది. హాస్యానికే అంది. ఎవరం నవ్వలేదు. అదీ నవ్వలేదు.

ఇరవై రెండేళ్ళ కాపురం. నేను చూపించగలిగిన రుజువల్లా ఒక చిల్లు, దాన్ని కూడా నేనే కోసి పారేశాను.

మార్చి 30, ఆదివారం, ఉదయం

వదినగారు ఇద్దర్నీ రమ్మన్నారు. కూర్చోబెట్టి మాట్లాడతారట. కారులోనే వెళ్ళాలి. అతుకు గుర్తుంది. నాకేం, నా కాళ్ళు సీటు మీద ఉంటాయి.

అదే రోజు, సాయంత్రం

వరసగా రాస్తాను.

ఎక్కాను. చెప్పులు విప్పాను. కాళ్ళు మడుచుకున్నాను. నేను కిటికీలోంచి బయటికే చూస్తున్నాను. మార్కెట్ దగ్గర జనం. వంతెన మీద ఒక లారీ అడ్డంగా తిరిగింది. తర్వాత ఒక బైకువాడు. అంతా మామూలే. నాకేమీ గుర్తు లేదు, ఏదైనా జరిగితేగా గుర్తుండటానికి. దిగేటప్పుడు చెప్పుల కోసం వెతుక్కోలేదు, కాళ్ళు కిందే ఉన్నాయి. అదైనా అప్పుడు తట్టలేదు.

వదినగారు అప్పుడే ఇల్లు తుడిచి ఉంచారు. తెల్ల బండలు, తడి ఇంకా ఆరలేదు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపల గదిలోకి వెళ్ళి, కుర్చీలో కూర్చున్నాను. ఎప్పుడూ లేనిది తల పైకెత్తుకుని మరీ కూర్చున్నాను. ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. నేల వైపు చూస్తున్నారు.

వదినగారు మంచినీళ్ళు తెస్తూ, నా ఇల్లంతా ఎవరే ఈ ముద్రలు వేసింది అని మొదలుపెట్టారు. గుమ్మం దగ్గర ఒకటి. అడుగు అవతల ఒకటి. బల్ల పక్కన ఒకటి. గుండ్రంగా, నల్లగా, కుడికాలి మడమ ఒక్కటే. ఆవిడ వంగి, గ్లాసు చేత్తో పట్టుకునే, ఒక్కో ముద్రనీ చూసుకుంటూ వచ్చారు. చివరి ముద్ర నా కుర్చీ కింద ఉంది.

ఎవరి మడమ నల్లగా ఉంటే వాళ్ళేనని ఆవిడకి నేర్పింది నేనేగా.

కాలు ఎత్తి చూసుకున్నాను. మసిబొగ్గులా ఉంది. వదినగారు ఒకసారి నన్ను, ఒకసారి తమ్ముణ్ణి చూసి, దొరికిందిలే మనిషి అని ఒకటే నవ్వు. కుర్చీ పట్టుకుని నవ్వారు. ఆయన నవ్వలేదు. తడిగుడ్డ వెతికి తెచ్చి, నేల మీద కూర్చుని, ఒక్కో ముద్రా తుడవడం మొదలుపెట్టారు. నేను తేలు కుట్టిన దొంగలా చూస్తూ ఉండిపోయాను.

తిరిగి వచ్చేటప్పుడు వెనక సీట్లో కూర్చోబోతే, ముందుకి రా అన్నారు. వచ్చాను. దారిలో చెప్పారు. కారు కొన్న మొదటి నెలలో రైల్వే గేటు దగ్గర బ్రేకు ఆలస్యంగా వేసి గేటు కర్రకి ఆనించారు. అమ్మాయి నా ఒళ్ళో ఉంది. నేను పర్లేదన్నానట. భయం వెయ్యలేదన్నానట. నిజంగానే అన్నాను. కానీ ఆ సాయంత్రం, ఆయన కాలు బ్రేకు మీద పడకముందే నా కాలు కింద పడిందట. ఆయన చూశారట. ఆ రోజు నుంచీ పక్క కన్నుతో నా కాలు చూస్తూనే నడుపుతున్నారట. ఎక్కడైనా అపాయం కనపడితే చాలు, బాసింపట్టులోంచి ఆ కాలు జారి నేలని తొక్కుతుందట. నీ కాలు కదిలితే నేను బ్రేకు వేస్తాను, ఇన్నేళ్ళలో మళ్ళీ ఎక్కడా తగిలించలేదు, చూసుకో అన్నారు.

మరి చెప్పొచ్చుగా అని అరిచాను. చెబితే నీకు తెలిసిపోతుంది, తెలిస్తే మొండితనానికి కాలు బిగబట్టుకుంటావు, అప్పుడు నాకెవరు చెప్తారు అన్నారు. నిజమే, బిగబట్టుకునేదాన్నే.

ఇంటి సందు మలుపులో, ఆవిడకి నేనేం చెప్పను అనడిగారు. క్యాషియరు గురించి.

మార్చి 31, సోమవారం

సున్నిపిండి, కిరసనాయిలు, నిమ్మచెక్క, గరుకు రాయి. పోలేదు. మంచి రంగే కొన్నాను.

ఏప్రిల్ 2, బుధవారం

డ్రెస్సు పట్టుకుని క్యాషియరు ఇంటికి వెళ్ళాను. తలుపు సగమే తీసింది. కూర్చోమనలేదు. అక్కా అనలేదు.

గుమ్మంలోనే నిలబడి మొత్తం చెప్పాను. సగం మాటలు తడబడ్డాయి. చివరికి చెప్పు విప్పి నల్ల మడమ చూపించాను. తప్పు నాది, మీకు చెయ్యకూడని అన్యాయం చేశాను అన్నాను. ఆవిడ నా మడమ వైపు చాలాసేపు చూసింది. నన్ను కాళ్ళ దగ్గర కూర్చుని కొలిచింది అందుకా అంది. అవునన్నాను. ఆ రోజు మీరు ఎంత శ్రద్ధగా చేస్తున్నారో అనుకున్నాను అంది.

ఆ ఒక్క మాటకి నేను నేలలోకి కుంగిపోయాను. ఆఫీసులో అందరి ముందూ చెప్తాను, ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను అన్నాను. అక్కర్లేదు, చెప్పినకొద్దీ పెరుగుతుంది అంది. డ్రెస్సు తీసుకుంది. బస్సు తప్పిన రోజు మా కారు ఎక్కండి, కావాలంటే నేనూ వస్తాను అన్నాను. చూద్దాం అంది. తలుపు వేసింది, గట్టిగా కాదు.

ఏప్రిల్ 5, శనివారం

అతుకుకి వెనిగర్ పట్టించి, తడిగుడ్డ వేసి ఆవిరి పట్టాను. ఆయన ఇస్త్రీపెట్టె వైరు పట్టుకుని పక్కనే నిలబడ్డారు. ముందు గదిలోంచి దిండు వెనక్కి వచ్చింది.

ఇవాళ మార్కెట్‌కి వెళ్తూ కాలు కదలకుండా బిగబట్టి చూశాను. మూడు వీధులు దాటేసరికి ఆయనకి నుదుట చెమట పట్టింది. వదిలేశాను.

ఏప్రిల్ 11, శుక్రవారం

బస్సు రాలేదు. క్యాషియరు మా కారెక్కింది. నేనే ముందు సీటు ఇచ్చి, మూట ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాను. వంతెన మలుపులో లారీ ఎదురొచ్చింది. నా కాలు తొక్కింది. ముందు ఆవిడ కాలు కూడా తొక్కింది, సీట్ల సందులోంచి చూశాను. ఆయన బ్రేకు వేశారు.

ఎవరి కాలు చూసి వేశారో అడగలేదు.